నంబరు వేసిన తలుపు

సార్ పోయారన్న కబురు తెలిసేసరికి నేను ఎల్బీనగర్‌లో ఎవరిదో ఇంటి గేటు ముందు నిలబడి ఉన్నాను. చంకలో ఫారాల కట్ట, చెవి మీద పెన్ను. లోపల్నుంచి ఒకావిడ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వస్తోంది. "నమస్కారమండీ, ఒక్క ఐదు నిమిషాలు" అని మొదలుపెట్టబోతుంటే ఫోను మోగింది. సార్ భార్య, మేం ఆంటీ అని పిలుస్తాం. "అమ్మా, సార్ పోయిండు. తెల్లారంగ పానం పోయింది" అన్నారు. గేటు దగ్గరికొచ్చినావిడ నా మొహం చూసి, "ఏమైందమ్మా? బాగానే ఉన్నావు కదా?" అని అడిగింది.

"ఆఁ, బాగానే ఉన్నానండీ" అన్నాను.

అనేసి నాలుక్కరుచుకున్నాను. సార్ దగ్గర ఇన్నేళ్ళు పనిచేసి నేను నేర్చుకున్నది ఏమైనా ఉందంటే, ఇలాంటి జవాబు చెప్పకూడదనే. ఆవిడ నన్ను అడగలేదు. నేనేం చెప్పాలో చెప్పింది, నేను అప్పజెప్పాను. ఆయన పోయిన గంటకే ఆయన పాఠం మర్చిపోయాను. ఆ గేటు దగ్గరే మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. పాపం ఆవిడ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

పేరు రాయను. దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షల కోచింగ్‌కి వచ్చిన ఎంతోమందికి ఆయన సార్, అంతే. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి, కోచింగ్ సెంటర్లలో లెక్కల పాఠాలు చెబుతూ, మెయిన్ రోడ్డు వెనక సందులో ఇల్లు కట్టుకున్నారు. కింద కాపురం, పైన ఒక గదిలో సర్వే ఆఫీసు. ఎన్నికలొస్తే ఏ పార్టీ వాళ్ళకైనా జనం మనసులో ఏముందో కనుక్కుని చెప్పడం ఆయన రెండో పని. మాది గోదావరి వైపు. నాన్న బతికుండగానే ఎల్బీనగర్‌లో రెండు గదుల ఇల్లు కట్టారు. ఉద్యోగం వస్తుందని నేను మూడేళ్ళు కోచింగ్ తీసుకున్నాను, రాలేదు. మూడోసారి జాబితాలో నా నంబరు లేదని తెలిసిన రోజున సార్ నన్ను పిలిచి, "ర్యాంకు రాలే గని నీకు నోరున్నది బిడ్డా. నిన్ను జూస్తే జనం తలుపు తీస్తరు. నాతోని పని చేస్తవా?" అన్నారు. అలా చేరాను.

చేరిన కొత్తలోనే ఒక వింత చూపించారు. మెట్రో స్తంభాల వెనకనున్న బజారుకు మమ్మల్ని రెండు జట్లుగా పంపారు. పొద్దున వెళ్ళిన వాళ్ళ చేతిలో తెల్ల ఫారం. సాయంత్రం వెళ్ళిన నా చేతిలో పసుపు ఫారం. తెల్లదాంట్లో, "మన ప్రాంతానికి ఫ్లైఓవర్ వస్తే బాగుంటుందని మీరు అనుకుంటున్నారా?" అని ఉంది. పసుపుదాంట్లో, "ఫ్లైఓవర్ కడితే మీ దుకాణం ముందు రోడ్డు చాలాకాలం మూసేస్తారు. అయినా ఫ్లైఓవర్ కావాలా?" అని ఉంది. ఒక కిరాణా కొట్టాయన నాకు ఠక్కున, "వద్దు. నేను మొదటి సంది వద్దనే అంటున్న" అని చెప్పాడు. తక్కెడ మీద చెయ్యి పెట్టి, నా కళ్ళల్లోకి చూసి మరీ చెప్పాడు.

మర్నాడు సార్ నన్ను వెంటబెట్టుకుని ఆ కొట్టుకే వెళ్ళారు. ముందురోజు పొద్దున నింపిన తెల్ల ఫారం ఆ కొట్టాయన ముందు పెట్టారు. "అవును" దగ్గర టిక్కు, కింద ఆయన సంతకం. ఆ మనిషి కాగితాన్ని చాలాసేపు చూశాడు. సంతకం మీద వేలు పెట్టి రుద్దాడు. తర్వాత మెల్లగా, "సంతకం నాదే సారూ. మాట నాది కాదు. నా నోట్లకెంచి ఇంకెవరో చెప్పిన్రు" అన్నాడు. మా కళ్ళెదుటే పాలిపోయాడు. ఆ రోజు ఉప్పు తూచబోయి పంచదార తూచాడు.

తిరిగొస్తూ దారిలో ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో పోయించి, నా కప్పు నాకిచ్చి సార్ అన్నారు: "ఆయన అబద్ధం చెప్పలే. పొద్దున చెప్పింది నిజమే, మాపటికి చెప్పింది నిజమే. జవాబు వాళ్ళ నోట్ల ఉండదు బిడ్డా. మన కాయితంల ఉంటది."

నాకు భలే సరదాగా అనిపించింది. గారడీవాడి రహస్యం తెలిసిపోయినట్టు ఇంటికెళ్ళి అమ్మకి చెప్పి నవ్వాను. భయం వేయలేదు. అప్పుడే వేసి ఉంటే బాగుండేది.

ఆయన చిన్న చిన్న అలవాట్లు చెప్పకపోతే ఆయన మీకు కనబడరు. చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ జేబు అడుగు తెల్లగానే ఉండేది. ఇంకో జేబులో సోంపు డబ్బా. బస్సు మీదైనా గోడ మీదైనా రాసి ఉన్నదాన్ని పైకి చదివేవారు. "మీ ఆశీర్వాదమే మా బలం" అని గోడ మీద కనిపిస్తే, "నేనెప్పుడు ఆశీర్వదించిన్రా?" అని ఆ గోడనే నిలదీసేవారు. మేం పడీపడీ నవ్వేవాళ్ళం. సర్వేకి వెళ్ళేటప్పుడు మాత్రం ఒక్క విషయంలో చండశాసనుడు. "రాసింది రాసినట్టు చదవాలె. ఒక్క మాట కలుపొద్దు, ఒక్క మాట తియ్యొద్దు, అర్థం చెప్పొద్దు" అనేవారు. ఒక ఇంట్లో అడగడం పూర్తయ్యాక తలుపు మీద సుద్దతో నంబరు వెయ్యాలి. మళ్ళీ ఇంకొకరు పోయి అదే ఇంటిని అడగకుండా ఉండడానికి ఆ గుర్తు.

ఇక నేను చెప్పడానికి భయపడుతున్న దగ్గరికి వచ్చాను.

ఒక ఎన్నికల ముందు, ఒక నాయకుడి మనుషులు ఆఫీసుకొచ్చారు. కర్మన్‌ఘాట్ అవతల నాలా అనే పెద్ద మురుగుకాలువ ఒకటి ఉంది. వానలకు పొంగి కాలనీల్లోకి నీళ్ళొస్తాయి. దాని ఒడ్డున నలభై యాభై రేకుల ఇళ్ళు. ఆ ఇళ్ళు తీసేస్తామని మాటిస్తే ఓట్లు వస్తాయా పోతాయా, అది వాళ్ళకి తెలియాలి. సార్ మొదట సూటిగానే రాశారు. వాళ్ళకి నచ్చలేదు. "జర మంచిగ రాయున్రి సార్" అని వెళ్ళిపోయారు. సార్ రెండు రోజులు కూర్చుని, చెరిపి, మళ్ళీ రాసి, చివరికి మాకు పైకి చదివి వినిపించారు.

"వరదల నుంచి మన పిల్లలను, మన కాలనీని కాపాడటానికి నాలాపై ఉన్న ఆక్రమణలను తొలగించే నాయకుడికి మీరు మద్దతు ఇస్తారా?"

అవును. కాదు. చెప్పలేను. మూడు గడులు.

"ఎట్లున్నది?" అని అడిగారు. మొహం వెలిగిపోతోంది. లెక్కల మేష్టారికి వాక్యం కుదిరితే ఎంత సంబరమో అప్పుడు చూశాను. మేమంతా గంగిరెద్దుల్లా తలలూపాం. నేనైతే, "పాటలా ఉంది సార్" అన్నాను.

నాకిచ్చినవి నాలా ఒడ్డు ఇళ్ళే. పందొమ్మిదో ఇల్లు ఒక అవ్వది. భర్త లేడు, కొడుకు లారీ మీద ఎక్కడో తిరుగుతాడు, చిన్న మనవరాలు ఆమె దగ్గరుంటుంది. రేకుల ఇల్లే గాని తలుపు మాత్రం గట్టి టేకుది. నీలం రంగు వేసి ఉంది. ఊళ్ళో ఇల్లు పడిపోతే ఆ తలుపొక్కటి లారీలో వేసుకొచ్చుకున్నారట. అవ్వ నాకు పీట వేసింది. నేను చదివాను. ఆమె శ్రద్ధగా విని, "ఆక్రమణలంటే ఏంది బిడ్డా?" అని అడిగింది.

నాకు తెలుసు. నేను కూర్చున్న పీట ఆక్రమణ. నా వెనకున్న తలుపు ఆక్రమణ. మేం మాట్లాడుతుంటే వెనక గోడ కిందనుంచి నాలా పారుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒక్క మాట చెబితే చాలు. నేనేమన్నానో తెలుసా? "అర్థం చెప్పకూడదవ్వా, మళ్ళీ చదువుతా విను" అన్నాను. మళ్ళీ చదివాను, రాసింది రాసినట్టు, అదే పాటలాగా.

"పిల్లల్ని కాపాడెటోళ్ళకు వద్దంటమా బిడ్డా? అవునని రాస్కో" అంది.

రాసుకున్నాను. తలుపు మీద సుద్దతో 19 అని వేశాను. నాలుగు రోజుల తర్వాత అటు వెళితే, ఆ అంకె చుట్టూ అవ్వ బియ్యప్పిండితో ముగ్గు దిద్ది, నాలుగు పక్కలా పసుపు బొట్లు పెట్టి ఉంది. "ఇదేంటవ్వా?" అంటే, "నంబర్ ఏసిండ్రంటే మమ్ముల లెక్కల వట్టిండ్రన్నట్టే గద. రేపు పక్కా ఇండ్లు ఇచ్చేటప్పుడు ఈ నంబరే అడుగుతరు" అంది. ఆ వాడంతా అలాగే అనుకుంది. సుద్ద అంకె చెరిగిపోకుండా తలుపులు తుడవడం మానేశారు.

ఆ ఒడ్డు మీద దాదాపు అన్ని ఇళ్ళూ "అవును" అన్నాయి. ఎవరి ఇల్లు పోతుందో వాళ్ళే అవునన్నారు. ఆ నాయకుడు గెలిచాడు. మాట నిలబెట్టుకున్నాడు.

యంత్రాలు వచ్చిన రోజు నేనూ సారూ పరుగెత్తాం. అక్కడ ఏడుపు లేదు, అదే నన్ను ఇప్పటికీ వెంటాడుతుంది. అంతా నిలబడి చూస్తున్నారు. నాయకుడి మనిషి ఒకతను చేతిలో కాగితం పట్టుకుని, "మీ వాడకట్టుల సర్వే చేస్తె మీరే అవునన్నరు గదా" అని చెబుతున్నాడు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు, ఎవరన్నారన్నట్టు. ఆ కిరాణా కొట్టాయన మొహమే అన్ని మొహాల్లోనూ కనబడింది నాకు. మధ్యాహ్నానికి రేకులూ గోడలూ అన్నీ నేలమట్టమయ్యాయి. అవ్వ ఇంటి తలుపు మాత్రం చట్రంతో సహా నిలబడే ఉంది. ముందు ఏమీ లేదు, వెనక ఏమీ లేదు. గడియ వేసి ఉంది. ముగ్గులో 19 తెల్లగా మెరుస్తోంది.

అవ్వ ఆ గుంపులో ఎక్కడా కనబడలేదు. సార్ ఆ తలుపు దగ్గరకెళ్ళి వేలు మడిచి టక్ టక్ మని కొట్టారు. "అవ్వా" అని పిలిచారు. అవతల నాలా పారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆ సాయంత్రమే ట్రాలీ ఆటోలో ఆ తలుపును ఇంటికి తెచ్చి, పైన ఆఫీసు గదిలో గోడకు ఆనించి నిలబెట్టి, చట్రానికి మేకులు కొట్టించారు. వెనక ఉన్నది ఉత్త గోడే. అయినా ఆ గదిలోకి ఎవరొచ్చినా కాసేపటికి ఆ తలుపు వైపు చూడకుండా ఉండలేకపోయేవారు. అవతల ఎవరో నిలబడి, పిలిస్తే వద్దామని చూస్తున్నట్టు ఉండేది.

అవ్వను వెతకడానికి ఎన్నో నెలలు పట్టింది. చివరికి నాదర్‌గుల్ దగ్గర ఒక కిరాయి గదిలో దొరికింది. పైలట్ శిక్షణ విమానాలు తలమీంచి గురగురమంటూ పోతున్నాయి. ఒకటి పోయినప్పుడల్లా ఆమె మాట ఆపి, చప్పుడు తగ్గాక మళ్ళీ మొదలుపెట్టేది. సార్ నేల మీదే కూర్చున్నారు. "అవ్వా, ఆ ప్రశ్న రాసింది నేను. తప్పు నాది. ఈ బిడ్డది కాదు" అన్నారు. ప్రశ్న ఆయనదే. కానీ అర్థం అడిగితే చెప్పనిది నేను. ఆ సంగతి అవ్వకీ తెలుసు, ఆయనకీ తెలుసు. ఆయన మాత్రం ఆ ఒక్క రోజే కాదు, పోయేదాకా ఎవరి దగ్గరా నా తప్పు ఎత్తి చూపలేదు. ఈ నాలుగు మాటలు రాస్తున్నది ముఖ్యంగా అందుకే. ఆయన మోసిన దాంట్లో సగం బరువు నాది.

తర్వాత ఆయన జేబులోంచి కాగితం తీయకుండానే అడిగారు. "అవ్వా, ఇప్పుడు సక్కగ అడుగుత. నీ ఇల్లు కూలగొట్టాల్నా?"

అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నిజంగానే నవ్వింది. "గట్లెవరన్న అడుగుతరా సారూ?" అంది.

విమానం ఒకటి పోయింది. మేం లేచేటప్పుడు అవ్వే అడిగింది. "నా తల్పేమైంది సారూ?"

"నా దగ్గరున్నది."

"నంబరు చెరగకుంట చూడున్రి. రేపెవరన్న వచ్చి అడుగుతె చూపియ్యాలె."

అవ్వ మరుసటి ఏడు పోయింది. మనవరాలిని కొడుకు తనతో తీసుకుపోయాడు. సార్ మాత్రం ప్రతి ఉదయం ఆ అంకె మీద సుద్దతో దిద్దేవారు. ముగ్గు ఎప్పుడో రాలిపోయింది, పసుపు నల్లబడింది, 19 మాత్రం నిన్న వేసినట్టే ఉండేది. కొత్త సర్వే వస్తే, ప్రశ్నల్ని ముందు ఆ తలుపుకి చదివి వినిపించేవారు. వేలు మడిచి కొట్టి, పిలిచి, చదివి, ఆగేవారు. మేం వెనక వరసగా నిలబడే వాళ్ళం. కొత్తగా చేరిన పిల్లలు మొదట కిసుక్కున నవ్వేవారు. సార్ ఆగే ఆ నిమిషంలో ఆ నవ్వు ఆగిపోయేది. ఎవరికి నష్టమో ఆ మనిషిని ఆ తలుపు వెనక నిలబెట్టుకుని వినండి అని ఆయన ఎన్నడూ నోటితో చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. చాలా ప్రశ్నలు ఆ తలుపు ముందే ఆగిపోయాయి. "ఇది పోదు. ఇంకో తీరు రాద్దాం పాండ్రి" అని కుర్చీలోకి వచ్చేసేవారు. పార్టీల వాళ్ళు ఒక్కొక్కరే రావడం మానేశారు. ఆయన ఫారాల్లో నాలుగో గడి కూడా అప్పుడే వచ్చింది: "పలకలేదు". మౌనం అర్ధాంగీకారం అని ఎవరో వాదిస్తే, "మౌనమంటే మౌనమే. దాంట్ల సగం నువ్వెందుకు తీస్కుంటవ్?" అన్నారు.

ఇంకొకటి. ఆయన "అవును" అనడం మానేశారు. మొదట్లో మేం గమనించలేదు. "తిన్నారా సార్?" అంటే "తిన్న" అనేవారు. "వస్తారా?" అంటే "వస్త". ఆ ఒక్క మాట ఆయన నోట్లోంచి పోయింది. ఒకసారి పెళ్ళిలో ఎవరో, "మీరు సర్వే సారే కదా?" అంటే, ఆయన అతని మొహంకేసి అలా చూస్తూ ఉండిపోయారు. అతను కంగారుపడి వెళ్ళిపోయాడు. ఆంటీ నా చెవిలో, "ఇగో, ఇంట్ల గూడ గిట్లనే చేస్తడు. కూర మంచిగున్నదా అంటే ఉప్పు తక్కువైంది అంటడు, అవునన్న పాపాన పోడు" అని గొణిగారు.

చివరిసారి దవాఖానలో చూశాను. మనిషి పరుపులో కలిసిపోయి ఉన్నారు. దుఃఖం ఆపుకుంటూ నేను, "సార్, నిన్నటికన్నా నయంగా ఉన్నారు కదూ?" అన్నాను. ఆయన కళ్ళు తెరిచారు. ఆ కళ్ళల్లో పాత కొంటెతనం తొంగి చూసింది. "జవాబు నువ్వే తెచ్చుకున్నవ్ గద బిడ్డా, ఇగ నన్నెందుకు అడుగుడు?" అన్నారు. తల నా వైపు తిప్పి, "మంచిగ అడుగు" అన్నారు.

"ఎలా ఉంది సార్?" అన్నాను.

"భయంగున్నది" అన్నారు. నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన వేళ్ళ సందుల్లో అప్పటికీ సుద్ద ఉంది.

దశదిన కర్మ నాడు అందరూ వెళ్ళిపోయాక ఆంటీ నన్ను పైకి తీసుకెళ్ళారు. తలుపు అలాగే ఉంది. ఆయన దవాఖానలో చేరినప్పటినుంచి ఎవరూ దిద్దలేదు కాబట్టి అంకె కాస్త మసకబారింది. "పొద్దుగాల లేవంగనే చొక్కా ఏసుకొని తల్పు కొడుతుండె. అవ్వా, అని పిలుస్తుండె" అన్నారు ఆంటీ.

"ఎవరైనా పలికేవారా ఆంటీ?"

"పలుకుతె నేనీ ఇంట్ల ఉందునా?" అని నవ్వి, నవ్వుతూనే ఏడ్చారు. "గని ఇప్పుడు చూడు, ఆయన పోయిన కాడికెంచి పొద్దుగాల నా చెవులు ఇటే ఉంటున్నయ్. కొట్టుడు ఇనబడకపోతె పానం తండ్లాడుతది. నువ్వు తీస్కపో బిడ్డా దీన్ని."

ఆ మాటకి నేను నా సంచిని దగ్గరికి లాక్కున్నాను. కారణం ఉంది. నా సంచిలో అప్పుడే కొత్త ఫారం ఒకటి ఉంది.

ఇప్పుడు నాకూ ఒక చిన్న జట్టు ఉంది. ఇంకో నాయకుడి తరఫు వాళ్ళు ఎల్బీనగర్ వీధుల్లో సర్వే చెయ్యమని ఫారం వాళ్ళే రాసి పంపారు. ఏడో ప్రశ్న ఇది: "ప్రాణాపాయంలో ఉన్నవారికి సకాలంలో అంబులెన్సు చేరేలా మన వీధులను విశాలం చేసే నాయకత్వాన్ని మీరు కోరుకుంటున్నారా?" నేను మొదటిసారి చదివినప్పుడు తప్పేమీ కనబడలేదు. చెబితే నమ్మరు, నా తల దానంతటదే ఊగింది. ఇంట్లో అమ్మకి చదివి వినిపించాను, మాట పలకడం ఎలా ఉందో చూద్దామని. అమ్మ ముందుగదిలో మిషన్ కుడుతోంది. తల కూడా ఎత్తకుండా, "అయ్యో, కోరుకోమా మరి? పాపం ప్రాణం మీదకొచ్చిన వాళ్ళు కదా. అవునని రాసుకో" అంది.

అవునని రాసుకో. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఫారంతో పాటు వాళ్ళు పంపిన వీధుల జాబితాలో మా వీధి ఉంది. వీధి వెడల్పు చేస్తే పోయేది ఆ ముందుగదే. అమ్మ కూర్చున్న చోటే, మిషన్ ఉన్న చోటే. అమ్మ కాలి కింద మిషన్ టకటకమంటూనే ఉంది. నాకు మాత్రం దాని వెనకాల నీళ్ళు పారుతున్న చప్పుడు వినిపించింది.

ఈసారి అర్థం చెప్పాను. అంతా విడమరిచి చెప్పాను. అమ్మ మిషన్ ఆపి, "ఓసి దీని సిగదరగా! అలా అయితే ఒప్పుకోను" అంది. నా ప్రాణం కుదుటపడింది.

సార్ కర్మ అయిన మర్నాడు ఆ తలుపు మా ఇంటికొచ్చింది. వెనక గదిలో నిలబెట్టించాను. వేలు మడిచి కొట్టి, వాళ్ళు పంపిన ఏడో ప్రశ్న చదివాను. ఆగాను. ఆ నిశ్శబ్దంలో ఎక్కువసేపు నిలబడలేకపోయాను. కుర్చీలో కూర్చుని, "రోడ్డు కోసం మీ ఇంటి ముందు భాగం కూలగొడతామంటే ఒప్పుకుంటారా?" అని రాసి వాళ్ళకి పంపాను. పది నిమిషాల్లో ఫోనొచ్చింది. అవతల కుర్రాడెవరో మర్యాదస్తుడే.

"అలా ఎవరైనా అడుగుతారా మేడమ్?" అన్నాడు.

ఫోను చేతిలో పట్టుకుని ఆ తలుపు వైపు చూశాను. అవ్వ నవ్వుతూ అన్న మాట అది. యాస ఒక్కటే తేడా. పని వదులుకున్నాను. వాళ్ళు ఇంకొకరికి ఇచ్చుకున్నారు.

నిన్న నేను బడంగ్‌పేట్‌లో పని చూసుకుని చీకటిపడ్డాక ఇంటికొచ్చేసరికి అమ్మ మహా హుషారుగా ఉంది. "నీలాంటి పిల్లే ఒకతి వచ్చిందే. ఎండన పడి వచ్చింది, మజ్జిగిచ్చాను. ఎంత మర్యాదగా అడిగిందనుకున్నావ్! అంబులెన్సుల సంగతి" అంది.

"నువ్వేం చెప్పావమ్మా?"

అమ్మ నా మొహం చూసింది. నేను విడమరిచి చెప్పి పదిరోజులు కూడా కాలేదు. "ఏమో, ఆ పిల్ల అడిగితే..." అంది. "వచ్చేసింది నోట్లోంచి."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లోపలికెళ్ళిపోయింది.

ఇవాళ పొద్దున లేచి, చీపురు చప్పుడు విని బయటికొచ్చాను. గేటు స్తంభం మీద సుద్దతో 27 అని వేసి ఉంది. అమ్మ వంగి ముగ్గు వేస్తోంది. కళ్ళాపి నీళ్ళు ఆ స్తంభం దగ్గరికొచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకుని, తడి తగలకుండా పక్కనుంచి చల్లింది. ముగ్గు గీత లాగుతూ లాగుతూ అక్కడికొచ్చి, స్తంభం చుట్టూ ఒక మెలిక తిప్పింది. అంకె చెరగకుండా.